ఎరుపంటే భయపడొద్దన్న డాక్టరమ్మ

పొద్దున షట్టర్ సగం ఎత్తానో లేదో ఫోను మోగింది. డాక్టరమ్మ తమ్ముడు. ఆయన ఎప్పుడు ఫోను చేసినా ముందు "తిన్నవా అన్నా" అని అడిగి కానీ వేరే మాట ఎత్తడు. ఆ రోజు అడగలేదు. "అక్క పోయిందే అన్నా. ఇప్పుడే దవాఖానల చెప్పిన్రు" అన్నాడు. ఏమైందన్నారు అని అడిగాను. "ఊపిరితిత్తుల్ల ఫంగస్ ముదిరిందంట" అన్నాడు.

నాకు ముందు ఏడుపు రాలేదు, కోపం వచ్చింది. నాచారం, ఉప్పల్, మల్లాపూర్ జనాల ఒంటి మీద నుంచి జీవితమంతా ఆ బూజునే వెళ్లగొట్టిన మనిషి. చివరికి దానికి ఈమే దొరికిందా? రోడ్డు మీద నిలబడి పైకే తిట్టాను. టీ కొట్టు దగ్గర ఉన్నవాళ్లు నా వైపు చూశారు. చూస్తే చూడనీ అనుకున్నాను.

నాది నాచారంలో మందుల దుకాణం. కంపెనీల వైపు తిరిగే మలుపు దగ్గర ఉంటుంది. దుకాణాన్ని ఆనుకుని ఒక చిన్న గది ఉంది. సర్కారు దవాఖానాలో చర్మ వ్యాధుల డాక్టరుగా చేసి రిటైరయ్యాక ఆమె రోజూ సాయంత్రం ఆ గదిలో కూర్చునేవారు. పాత ఉప్పల్లో ఒకప్పుడు పొలాలున్న కుటుంబం వాళ్లది. పెళ్లి చేసుకోలేదు, తమ్ముడి ఇంట్లోనే ఉండేవారు. అందరికీ డాక్టరమ్మే. నేను మాత్రం "అమ్మా" అనేవాణ్ణి. ఆమె నన్ను "బిడ్డా" అనేవారు, కోపం వస్తే "ఓ దుకాణపాయనా" అనేవారు. రెండో పిలుపే ఎక్కువ విన్నాను.

పేషెంటు వచ్చి కూర్చోగానే పేరు అడిగేవారు కాదు. "మీ ఇంట్ల తువ్వాళ్లు ఎన్ని?" అని అడిగేవారు. ఇంటిల్లిపాదికీ ఒక్కటే తువ్వాలు అని తెలిస్తే పెన్ను పక్కన పెట్టేసేవారు. "ముందు ఇంకో మూడు తువ్వాళ్లు కొను. కొన్నంక రా, మందు రాస్త." ఒకే గది ఇళ్లలో, వానాకాలం లోపలే దండెం కట్టి ఆరేసిన తడి బట్టలు వేసుకుని డ్యూటీకి పోయేవాళ్ల కోసం ఆమె గదిలో ఒక పాత ఇస్త్రీపెట్టె కూడా ఉండేది. రోగికి మందు రాస్తూ, వాడి చొక్కాను నర్సమ్మతో ఇస్త్రీ చేయించిన డాక్టరును మీరెక్కడన్నా చూశారా? నేను చూశాను.

ఇక మొలతాడు సంగతి. మగవాళ్లకు తామర చాలాసార్లు అక్కడే మొదలవుతుంది. స్నానం చేసినా తీయరు, చెమట పట్టినా తీయరు, ఏడాది పొడవునా ఆ దారం తడిగానే ఉంటుంది. తీసేయమంటే ఎవరు వింటారు? మొలతాడు లేని మగవాడంటే మన దగ్గర ఏమనుకుంటారో మీకు తెలుసు. ఒకసారి దారం మిల్లులో పనిచేసే జనగామ పెద్దమనిషి ఒకాయన లేచి నిలబడ్డాడు. "ప్రాణం పోయినా తియ్య డాక్టరమ్మా" అన్నాడు. ఆమె డ్రాయరు లాగి కొత్త మొలతాళ్ల కట్ట బయటికి తీశారు.

"తియ్యమంటలేను పెద్దయ్యా. ముందు కొత్తది కట్టుకో, ఎన్క పాతది కొయ్యి. ఒక్క నిమిషం గూడ నీ నడుము ఖాళీగ ఉండది. నెలకొకటి వచ్చి తీస్కపో, పైసలద్దు."

ఆయన తెర చాటుకు పోయి కొత్తది కట్టుకుని, పాతది కాగితంలో చుట్టి తెచ్చి ఆమె చేతిలో పెట్టాడు. ఆ తర్వాత ఆ మిల్లు నుంచి మొలతాళ్ల కోసమే మనుషులు వచ్చేవారు.

ఆమె బల్ల కింద ఒక అట్టపెట్టె ఉండేది. వచ్చినవాళ్లు అప్పటిదాకా పూసుకున్న ట్యూబులన్నీ అందులో వేయించేవారు. అన్నీ పిండి పిండి ముడుచుకుపోయిన ట్యూబులు. ఎర్ర అక్షరాల డబ్బాలో వచ్చే ఆ మూడు మందుల ట్యూబు మీకూ తెలిసే ఉంటుంది. దురద అని చెప్పిన వాళ్లందరికీ మందుల దుకాణాల వాళ్లం చీటీ లేకుండా ఇచ్చేది అదే. అందులో ఫంగస్ మందు ఒకటి ఉంటుంది, దాంతో పాటు గట్టి స్టెరాయిడ్ కూడా ఉంటుంది. ఒకరోజు ఆమె ఆ పెట్టె నా ముందు పెట్టారు. సగం డబ్బాల మీద "పొద్దున 1, సాయంత్రం 1" అని నా చేతిరాతే ఉంది.

"రాత మంచిగున్నది బిడ్డా నీది" అన్నారు. పెట్టెను మళ్లీ బల్ల కిందికి తోశారు. నేను ఏదో గొణిగి బయటికి వచ్చేశాను. మరుసటి రోజు నుంచి డబ్బాల మీద రాయడం మానేశాను కానీ ట్యూబు అమ్మడం మానలేదు. నా బుద్ధి అప్పుడు అంత.

అసలు తప్పు ఇంట్లో చేస్తున్నాను. మాకు పాప పుట్టిన మూడు నెలలకు నా భార్యకు లంగా నాడా కట్టుకునే చోట, నడుము మీద తామర వచ్చింది. ఆమె ప్యాకింగ్ కంపెనీలో రోజంతా నిలబడి పనిచేసేది, చెమటకు నడుము తడిసిపోయేది. గోడ అవతల డాక్టరమ్మ ఉన్నారు, పోయి చూపిస్తే అయిపోయేది. మందుల దుకాణం వాడి పెళ్లానికి తామరేంటి అని నాకు నామోషీ. ఆ ట్యూబే తెచ్చి ఇచ్చాను. మూడు రోజుల్లో ఎరుపు పోయింది, దురద పోయింది. "చూసినవా" అని గొప్పలు పోయాను కూడా. ఆపిన వారానికి మళ్లీ వచ్చింది, మళ్లీ ట్యూబు ఇచ్చాను. అలా ఆరు నెలలు. తామర గుండ్రంగా ఉండడం మానేసి, లేత రంగు మరకలా నడుమంతా పాకింది. ఎర్రగా లేదు కదా అని ధైర్యంగా ఉన్నాను.

పాపకు తొమ్మిదో నెల వచ్చింది. ఒక సాయంత్రం నా భార్య పాపను ఎత్తుకుని దుకాణానికి వచ్చి, పాప తొడ లోపలి వైపు చూపించింది. అక్కడ ఎర్రటి వలయం, రూపాయి బిళ్లంత. నేను పాపను కౌంటరు మీద కూర్చోబెట్టి, అలవాటుగా ట్యూబు మూత తీసి వేలి మీద పిండుకున్నాను. దూది కోసం వచ్చిన డాక్టరమ్మ నా మణికట్టు పట్టుకున్నారు.

"ఆగు. ఎవరికది?"

"పాపకమ్మా. నాలుగు రోజుల సంది ఉన్నదంట."

"పసిపోరికి ఏడికెల్లి వచ్చింది?"

వేలి మీది మందు కౌంటరు కిందికి తుడుచుకున్నాను. పాప ఏడుస్తుంటే నా భార్య ఎత్తి చంకన వేసుకుంది. పాప తొడ సరిగ్గా తల్లి నడుముకు ఆనింది. డాక్టరమ్మ అది చూశారు. నన్ను కాదు, ఆమెను అడిగారు. "నీకెన్ని నెలల సంది బిడ్డా?"

"ఆరు నెలలమ్మా" అంది నా భార్య. చెప్పి నా వైపు చూసింది. ఆ చూపు ఇప్పటికీ నన్ను వదల్లేదు.

ఇద్దరినీ గదిలోకి తీసుకుపోయారు. మొద్దు బ్లేడుతో పాప వలయం అంచు మీద కొంచెం గీకి, ఆ పొట్టును ఒక గాజు పలక మీద వేశారు. తల్లి నడుము మీద నుంచి గీకింది ఇంకో పలక మీద వేశారు. రెండింటి మీదా ఒక్కో చుక్క క్షారం వేసి, పది నిమిషాలు ఆగి, మైక్రోస్కోపు కింద పెట్టి నన్ను కూర్చోమన్నారు.

"మన తోలు ఆ చుక్కల కరిగిపోయింది. బూజు కరగలే. దాని గోడ వేరే మట్టితోని కట్టింది. అసుంటి గోడ మన ఒంట్ల ఏడ లేదు, గందుకే ఒళ్లు దాన్ని పరాయిది అని గుర్తువడ్తది. ఇగ సూడు."

పాప పలకలో వెతికితే రెండు మూడు సన్నటి దారాలు కనిపించాయి, గాజు దారాల్లా, కణుపులు కణుపులుగా. తర్వాత తల్లి పలక పెట్టారు. ఖాళీ అన్నదే లేదు, చిక్కుపడ్డ దారం ఉండలా నిండిపోయి ఉంది.

"ఎర్రగున్న పోరికి గిన్నే. ఎరుపు లేని తల్లికి గన్ని. ఎందుకో తెల్సా నీకు?"

తెలియదన్నాను. బీఫార్మసీ చదివిన వాణ్ణి, అయినా అప్పటిదాకా నాకు నిజంగా తెలియదు.

ఆమె చెప్పింది నాకు గుర్తున్నంత వరకు మీకు చెబుతాను. ఫంగస్ మన చర్మం పైపొరను, అంటే చచ్చిన పొరను తింటూ బతుకుతుంది. కింద ఉన్న బతికిన కణాలు దాని గోడను గుర్తుపట్టి కబురు పంపుతాయి. ఆ కబురుకు రక్తనాళాలు ఉబ్బుతాయి, తెల్లకణాలు అక్కడికి చేరుతాయి. మనకు కనబడే ఎరుపు అదే. చిన్న ముక్క దొరికితే తెల్లకణం మింగేస్తుంది. దారం మింగలేనంత పొడుగుంటే, చుట్టూ చేరి తమలోని విషాన్ని దాని మీద కక్కి చచ్చిపోతాయి. ఈలోగా చర్మం కూడా తొందర తొందరగా పొరలు రాల్చేసి, వాటితో పాటు బూజును కింద పడేస్తుంది. "పిడక కాలంగ సూసినవా? నడిమిట్ల బూడిద, అంచున నిప్పు. తామర గూడ గంతే. నడిమిట్ల ఒళ్లు గెలిచింది, అంచున ఇంక కొట్లాడుతున్నది. గందుకే గుండ్రంగ ఉంటది."

మరి ట్యూబు? అందులోని స్టెరాయిడ్ ముందు ఆ కబురును ఆపేస్తుంది. తెల్లకణాలు రావు, ఎరుపు ఉండదు, దురద ఉండదు. "కావలోన్ని పండవెట్టినవ్. ఇల్లు సప్పుడు లేకుంట ఉన్నది. దొంగ పోయిండనుకున్నవ్. వాడు లోపల్నే కూసోని తింటున్నడు."

అప్పుడు తిట్టినా బాగుండేది. తిట్టలేదు. ట్యూబు బంద్ పెట్టమన్నారు. పాలిచ్చే తల్లి కాబట్టి ఇద్దరికీ పూత మందే రాశారు, స్టెరాయిడ్ లేనిది. నా భార్య భుజం మీద చెయ్యి వేసి ముందే చెప్పారు. "రెండు మూడు రోజులకు నీకు మస్తు మండుతది బిడ్డా. ఎర్రగైతది. భయపడకు. ఆరు నెలల సంది పన్న కావలోళ్లు ఒక్కసారే లేస్తరు. జర ఓర్చుకో."

నాలుగో రోజు ఆదివారం. నడుమంతా మిరపపండులా ఎర్రబడింది. పొద్దుటి నుంచి నా భార్య కూర్చోలేదు, పడుకోలేదు, ఆ ఒక్క గదిలోనే ఇటూ అటూ తిరిగింది. ఆమె గోళ్లకు రక్తం అంటింది.

"దుకాణం నిండ పెట్టుకున్నవ్ గదనయ్యా. ఒక్కటి తెచ్చియ్యి. ఈ ఒక్కనాటికే" అంది.

ఒకటి నా జేబులోనే ఉంది. పొద్దున పోయి తెచ్చాను. ఇస్తే గంటలో నా భార్య నిద్రపోతుంది. ఇవ్వకపోతే కళ్ల ముందే ఏడుస్తుంది. పాప మంచం మీద నుంచి తల్లి వైపు చేతులు చాపుతోంది, ఎత్తుకోవడానికి తల్లికి ధైర్యం లేదు. జేబులో చెయ్యి పెట్టాను. నిజం చెబుతున్నాను, ఇచ్చేసేవాణ్ణే. అప్పుడే మెట్ల మీద ఆయాసం వినిపించింది. డాక్టరమ్మ ఉప్పల్ నుంచి ఆటోలో వచ్చి, మా రెండంతస్తులు ఎక్కి, గుమ్మం పట్టుకుని నిలబడ్డారు.

"జేబులున్నది తియ్యి" అన్నారు.

"ఎట్ల తెల్సమ్మా?"

"నీ మొఖం జెప్తున్నది."

తీశాను. ఆమె దాన్ని పారేయలేదు. తీసుకుని నా భార్య చేతిలో పెట్టారు. "ఇది నీ ఒళ్లు బిడ్డా, నీ ఇష్టం. పెట్టుకుంటే గంటల సల్లవడ్తది, నేను అబద్ధం జెప్ప. గని పోరి రేపు మళ్ల గా నడుము మీదనే కూసుంటది."

నా భార్య ట్యూబును చాలాసేపు చూసింది. బాత్రూములోకి పోయి, మొత్తం మోరీలో పిండేసి, ఖాళీ ట్యూబు నా ముందు పడేసింది. తర్వాత చాప మీద బోర్లా పడుకుని గట్టిగా ఏడ్చింది. డాక్టరమ్మ కింద కూర్చుని, పాత నూలు చీర ముక్క చల్లటి నీళ్లలో ముంచి పిండి, నడుము మీద వేశారు. అది వేడెక్కగానే తీసి మళ్లీ ముంచారు. సాయంత్రం అయ్యేదాకా ఆ పని ఎవరికీ ఇవ్వలేదు. నేను పాపను ఎత్తుకుని గుమ్మంలో నిలబడి చూశాను. నా జీవితంలో నాకు అంత సిగ్గేసిన రోజు ఇంకోటి లేదు.

పాపకు మూడు వారాల్లో తగ్గింది. నా భార్యకు మూడు నెలలు పట్టింది. తామర పోయింది కానీ, పలచబడ్డ చర్మం మీద తెల్లటి చారలు మిగిలాయి. పోతాయా అని అడిగితే డాక్టరమ్మ దాచలేదు. "ఇవి పోవు బిడ్డా. స్టెరాయిడ్ తోలును పల్సగ జేస్తది, సాగిన కాడ సిరుగుతది. నువ్వు పెట్టుకునుడు నీ తప్పు గాదు" అన్నారు. ఎవరి తప్పో అనలేదు. నా భార్య అప్పటి నుంచి నడుము కనబడకుండా కొంగుకు పిన్ను పెట్టుకుంటుంది. ఆమె పిన్ను వెతుక్కున్న ప్రతిసారీ నేనే లేచి వెతికి ఇస్తాను.

చీటీ లేకుండా ఆ ట్యూబు ఇవ్వడం మానేశాను. అడిగినవాళ్లు వేరే దుకాణాలకు పోయారు. డాక్టరమ్మ దగ్గర మొత్తుకుంటే నవ్వి, "మళ్ల రానోడే నీకు మంచి గిరాకి" అన్నారు. మళ్లీ రాలేదంటే జబ్బు తగ్గిందని; ఆ మాట అర్థం కావడానికి నాకు చాలా రోజులు పట్టింది.

తర్వాత కొన్నేళ్లకు ఆమె నాలుగైదు నెలలు కనబడలేదు. తిరిగి వచ్చినప్పుడు మూతికి మాస్కు, పొడుగు చేతుల జాకెట్టు. వారానికి రెండు రోజులే కూర్చుంటానన్నారు. నాకు ఒక చీటీ ఇచ్చారు, ఆమెకే కావలసిన మందులు. చదివితే మొదటి పేరే స్టెరాయిడ్. కింద ఇంకో రెండు ఉన్నాయి, అవీ తెల్లకణాలను అణచిపెట్టేవే.

"ఇదేందమ్మా, మీరే గదా..."

"మందు దుష్మన్ గాదు బిడ్డా. ఎందుకు ఏస్కుంటున్నమో తెల్వకపోతే దుష్మన్." రెండు కిడ్నీలూ చెడిపోతే తమ్ముడు ఒకటి ఇచ్చాడట. "నా ఒంటికి తమ్ముడు గూడ పరాయోడే. వాని కిడ్నీ మీదికి గూడ కొట్లాటకు పోతది. సిన్నప్పుడు వాన్ని నేనే ఎత్తుకోని తిరిగిన అని దానికేం తెల్సు? గందుకే నా కావలోళ్లను నేనే పండవెట్టుకున్న."

"మరి బూజొస్తే?"

"బూజు గాలిల ఎప్పుడు ఉంటది. నువ్వు పీలుస్తనే ఉన్నవ్. నీ ఊపిరితిత్తుల్ల కావలోళ్లు రోజు మింగుతనే ఉన్నరు, నీకు తెల్వదు. నాకు ఎన్నడో ఒకనాడు తప్పిపోతది. తమ్ముడు ఇచ్చిన దినాలు గదా, ఎన్నుంటే అన్ని."

ఏమీ జరగనట్టు మాస్కు సర్దుకుని లోపలికి పోయారు. ఆ రోజు కూడా మొదటి పేషెంటును తువ్వాళ్లు ఎన్ని అనే అడిగారు.

అలా నాలుగేళ్లు గడిచాయి. మొన్న వాళ్ల పక్కిల్లు కూలగొట్టి అపార్టుమెంటు మొదలుపెట్టారు. కిటికీలన్నీ మూసుకున్నా, బూజును మోసుకొచ్చే ఆ దుమ్ము ఆగలేదని తమ్ముడు అంటాడు, దాన్ని పట్టుకునే కుమిలిపోతున్నాడు. ఆమె ఉంటే అతణ్ణి ఆ మాట అననిచ్చేవారు కాదు. షట్టరు దగ్గర నాకు వచ్చిన కోపం కూడా ఉప్పల్ చేరేసరికి మిగల్లేదు. ఏది వస్తుందో ఆమెకు ముందే తెలుసు. తెలిసీ వారానికి రెండు రోజులు మాకోసం వచ్చి కూర్చున్నారు.

దవాఖానా నుంచి ఇంటికి తెచ్చేసరికి గల్లీ నిండిపోయింది. డ్యూటీ బట్టల్లోనే వచ్చిన ఆడవాళ్లు గోడ పక్కన వరుసగా నిలబడ్డారు. మగవాళ్లం బయట ఉన్నాం. వాకిట్లో నాలుగు వైపులా చీరలు అడ్డం కట్టి, స్నానం చేయించడానికి ఇంటి ఆడవాళ్లు లోపలికి పోయారు. నా భార్య ఎవరినీ అడగలేదు. చెప్పులు విడిచి, కొంగు దోపుకుని తనూ వెళ్లింది. మా పాపకు ఇప్పుడు ఏడేళ్లు, నా వేలు పట్టుకుని నిలబడి ఉంది.

లోపల చెంబు చప్పుడు, ఎవరో పసుపు అడిగిన మాట వినిపించాయి. కాసేపటికి అన్నీ ఆగిపోయాయి. జాకెట్టు చేతులు విప్పినట్టున్నారు. ఒకావిడ, "అయ్యో, చేతుల తోలు గిట్ల పల్సగైందేంది" అంది.

అప్పుడు నా భార్య గొంతు వినిపించింది, ఏడుపు ఆపుకుంటున్న గొంతు.

"రుద్దకున్రి వదినా, మెల్లగ. ఈ తోలు నాకెర్క. చెంబు ఇటియ్యి, నేను పోస్త."

ఆ తర్వాత చాలాసేపు, నీళ్లు కొద్దికొద్దిగా పడుతున్న చప్పుడు తప్ప మరేమీ వినబడలేదు.